డిస్క్‌లో డీటీఎస్-హెచ్‌డీ ఉన్నా రిసీవర్‌లో ఉత్త డీటీఎస్ అనే పడతా ఉంది, ఏం మార్చాల?

కొర్లగుంట_తిరుపతి:
అందరికీ నమస్కారం. ముందు బ్లూ-రే ప్లేయర్ నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ, టీవీ నుంచి రిసీవర్‌కు (స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) ఆప్టికల్ వైరు ఉండేది. ఇప్పుడు ఆప్టికల్ తీసేసి, ప్లేయర్ హెచ్‌డీఎంఐని నేరుగా రిసీవర్‌కు పెట్టి, రిసీవర్ అవుట్ నుంచి టీవీకి ఇచ్చినాను. డిస్క్ అట్ట వెనక డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో 5.1 (మామూలు డీటీఎస్ కన్నా మేలైన సరౌండ్ సౌండు) అని ఉంది. రిసీవర్ డిస్‌ప్లేలో మాత్రం 'డీటీఎస్' అనే పడతా ఉంది. ప్లేయర్‌లో బిట్‌స్ట్రీమ్ (ట్రాకును విప్పకుండా అట్లే రిసీవర్‌కు పంపేది) అనే పెట్టినాను. రిసీవర్ ఈ ఫార్మాట్ డీకోడ్ చేస్తుంది. రూము 12 అడుగులకు 11.

చిత్తూరు_ఆడియో:
అన్నా, వైరింగు సరిగ్గానే ఉంది. ప్లేయర్ ఆడియో సెట్టింగుల్లో 'సెకండరీ ఆడియో' అని ఉంటుంది చూడండి. కొన్ని ప్లేయర్లలో దాని పేరు 'బీడీ ఆడియో మిక్స్'. అది ఆన్‌లో ఉండుంటుంది, ఆఫ్ చేయండి. మెనూలో బటన్ నొక్కితే వచ్చే టిక్కు శబ్దం, సినిమా మీద చిన్న బొమ్మతో వచ్చే కామెంటరీ, వీటిని అసలు ట్రాకులో కలపాలంటే ప్లేయర్ ఆ ట్రాకును ముందు తనే విప్పాలి. కలిపినాక మళ్లీ మామూలు డీటీఎస్‌గానో డాల్బీ డిజిటల్‌గానో కుదించి పంపుతుంది. లాస్‌లెస్, అంటే ఏమీ తగ్గని అసలు నాణ్యత, పోయేది అక్కడే.

మార్చినాక డిస్క్ పూర్తిగా ఆపి, మొదటినుంచి వేయండి. డిస్‌ప్లేలో 'డీటీఎస్-హెచ్‌డీ ఎంఎస్‌టీఆర్' అని రావాల.

ఆప్టికల్ తీసేసి మంచి పని చేసినారు. ఆ వైరులో లాస్‌లెస్ సరౌండ్ వెళ్లదు. ఈ డిస్కుల లోపల మామూలు డీటీఎస్ భాగం ఒకటి ఉంటుంది, సెకనుకు 1.5 మెగాబిట్ల దాకా. ఆప్టికల్‌లో అదొక్కటే వెళ్తుంది.

మదనపల్లె_హోమ్‌థియేటర్:
ఇంకొకటి. డిస్క్ మెనూలో భాష కూడా చూసుకోండి. ఒకే డిస్క్‌లో అసలు భాష లాస్‌లెస్‌లో ఉండి, డబ్బింగ్ ట్రాకు ఉత్త డాల్బీ డిజిటల్‌లో ఉండడం మామూలే. అప్పుడు ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు.

కామెంటరీ కూడా కావాలంటే ప్లేయర్‌లో బిట్‌స్ట్రీమ్ బదులు పీసీఎం పెట్టండి. విప్పే పని ప్లేయర్‌దే అవుతుంది, రిసీవర్‌లో 'మల్టీ చానెల్' అని పడుతుంది. అది చూసి నాణ్యత తగ్గిందనుకోకండి. మాస్టర్ ఆడియోను పూర్తిగా విప్పే ప్లేయరైతే 5.1కు రెండు దారులూ ఒకటే. పైనుంచి కూడా శబ్దం వచ్చే అట్మాస్, డీటీఎస్:ఎక్స్ ట్రాకులకు మాత్రం బిట్‌స్ట్రీమే కావాల. పీసీఎంలో ఏ శబ్దం ఎక్కడినుంచి రావాలనే సమాచారం రాదు.

కొర్లగుంట_తిరుపతి:
సెకండరీ ఆడియో ఆన్‌లోనే ఉండింది సార్. ఆఫ్ చేసి డిస్క్ మళ్లీ వేస్తే ఎంఎస్‌టీఆర్ పడింది. ఇద్దరికీ చాలా థ్యాంక్స్. వెనక స్పీకర్లు ఎక్కడ పెట్టాల? సబ్ ఊఫర్‌లో సన్నగా 'గుమ్' అని ఒకటే మోత కూడా ఉంది, సినిమా ఆపినా ఆగదు.

చిత్తూరు_ఆడియో:
ముందు మోత సంగతి. సెట్‌టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ వైరు పీకి చూడండి. మోత ఆగిందంటే గ్రౌండ్ లూప్. బయటినుంచి వచ్చే ఆ వైరు లోపలి లోహపు తొడుగు, ఇంటి ఎర్తింగు రెండూ కలిసి కరెంటు తిరగడానికి దారి అవుతాయి. ఆ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ వేసుకోండి. సబ్, రిసీవర్ రెంటినీ ఒకే స్విచ్ బోర్డు నుంచి ఇవ్వండి. ప్లగ్గు ఎర్త్ పిన్ మాత్రం ఎవరు చెప్పినా తీయకండి, ప్రాణానికే ముప్పు.

స్పీకర్లు మీ వెనక గోడకు కాదు, కూర్చునే చోటుకు రెండు పక్కల, కాస్త వెనకగా. టీవీ వైపు సున్నా అనుకుంటే 110 నుంచి 120 డిగ్రీలు. ఎత్తు చెవికన్నా అడుగు, రెండడుగులు పైన. సోఫాను వెనక గోడకు ఆనించకండి, బేస్ అక్కడ ఉబ్బుతుంది. రిసీవర్‌లో స్పీకర్లన్నీ 'స్మాల్', క్రాసోవర్ (దీనికి కిందున్న బేస్ సబ్‌కు పోయే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టండి. సబ్ మీదుండే క్రాసోవర్ నాబ్ చివరిదాకా తిప్పేయండి, లేకుంటే రెండుసార్లు కోత పడుతుంది.

స్పీకర్ వైరు 16 గేజ్ చాలు. కొసలు ఒలిచినాక రాగి పోగుల్ని గట్టిగా మెలిపెట్టి దూర్చండి. వెంట్రుకంత పోగు ఒక్కటి పక్క టెర్మినల్‌కు తగిలినా రిసీవర్ ప్రొటెక్ట్‌లోకి పోయి ఆగిపోతుంది. మన తిరుపతి ఎండలకు రిసీవర్ పైన నాలుగు అంగుళాలన్నా ఖాళీ వదలండి, దాని మీద సెట్‌టాప్ బాక్సు పెట్టకండి.