50 మైక్రోసెకన్లలో టాస్క్ లేవాలి: ఏ ఆర్‌టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్) తీసుకోవాలి?

మోటార్_మిత్ర: మోటార్ నడిపే బోర్డు, చిప్ 168 మెగాహెర్ట్జ్ కార్టెక్స్-ఎం4, 128 కేబీ ర్యామ్. ఏడీసీ (వోల్టేజీని అంకెగా మార్చే భాగం) నుంచి ఇంటరప్ట్ వచ్చాక 50 మైక్రోసెకన్లు దాటకుండా కంట్రోల్ టాస్క్ మొదలవ్వాలి. ఫ్రీఆర్‌టీఓఎస్, జెఫిర్, థ్రెడ్‌ఎక్స్‌లలో ఏది మేలు? లైసెన్సు, బ్యాటరీ ఖర్చు, డీబగ్ టూల్స్ సంగతి కూడా చెప్పండి.

బోర్డు_బాబాయ్: జెఫిర్ జోలికి పోకండి. ఒక్క పిన్ను మార్చాలంటే డివైస్‌ట్రీ ఓవర్లే (హార్డ్‌వేర్ వివరాల ఫైలు) రాయాలి, కేకాన్ఫిగ్ (బిల్డ్ ఆప్షన్లు) సరిచూడాలి. అక్షరం తప్పితే పేజీడు మాక్రో ఎర్రర్లు. పని కంటే బిల్డ్‌తో కుస్తీయే ఎక్కువైంది నాకు.

టిక్కు_రాజు: ఫ్రీఆర్‌టీఓఎస్ చాలు. టిక్కు (కర్నెల్‌ని క్రమం తప్పకుండా లేపే టైమర్) 1000 హెర్ట్జ్‌లో ఉంటే మిల్లీసెకను పడుతుంది కాబట్టి 20,000 పెట్టండి. మా ప్రాడక్టులో అలాగే నడుస్తోంది.

ఐఎస్ఆర్_అక్క: కొత్తవాళ్లకి ఇలా చెప్పకండి రాజు గారూ. టిక్కు లెక్క డిలేలకి, టైమవుట్లకి. ఇంటరప్ట్‌లో టాస్క్‌కి నోటిఫికేషన్ ఇచ్చి, చివర్లో యీల్డ్ ఫ్రమ్ ఐఎస్ఆర్ (ఐఎస్ఆర్ అంటే ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే కోడు) పిలిస్తే పెండ్‌ఎస్‌వీ అనే ఇంటరప్ట్ వెంటనే టాస్క్ మారుస్తుంది. టిక్కు కోసం ఆగదు.

టిక్కు_రాజు: మాన్యువల్ అందరమూ చదివాం మేడమ్. టిక్కు పెంచగానే ఆలస్యం తగ్గింది, స్కోపులో కళ్లారా చూశాను.

ఐఎస్ఆర్_అక్క: తగ్గిందంటేనే మీ కోడులో ఆ యీల్డ్ లేదని అర్థం! అది లేకపోతే పాత టాస్కే తర్వాతి టిక్కు దాకా నడుస్తుంది. 8,400 సైకిళ్లకోసారి కర్నెల్‌ని ఊరికే లేపుతున్నారు.

టిక్కు_రాజు: నా కోడు చూడకుండానే తీర్పులా? బాగుంది.

పాత_కర్నెల్: వీఎక్స్‌వర్క్స్ అనే ఆర్‌టీఓఎస్ కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నాను, వినండి. ఆలస్యం ఎక్కువగా తాళాల దగ్గర పుడుతుంది. 1997లో నాసా నౌక మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద పదేపదే రీసెట్ అయింది. తక్కువ ప్రయారిటీ టాస్క్ పట్టుకున్న మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్క టాస్కే వాడేలా వేసే తాళం) కోసం ఎక్కువ ప్రయారిటీది ఆగిపోయింది, మధ్య ప్రయారిటీవి దూరాయి. ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ (తాళం పట్టుకున్న టాస్క్‌కి, ఆగి ఉన్నదాని ప్రయారిటీ తాత్కాలికంగా ఇవ్వడం) ఆన్ చేశాకే కుదుటపడింది. ఫ్రీఆర్‌టీఓఎస్ మ్యూటెక్స్‌లో అది ఉంది, బైనరీ సెమాఫోర్‌లో (సంకేతం ఇచ్చే జెండా లాంటిది) లేదు. తాళంగా సెమాఫోర్ వాడేవాళ్లని ఇప్పటికీ చూస్తున్నాను, ఒళ్లు మండుతుంది.

పెంగ్విన్_ప్రియ: 2024లో లినక్స్ 6.12తో ప్రీఎంప్ట్-ఆర్‌టీ (లినక్స్‌ని రియల్ టైమ్‌గా చేసే మార్పులు) మెయిన్‌లైన్‌లోకి వచ్చేసింది కదా, ఇవన్నీ ఎందుకు?

బోర్డు_బాబాయ్: 128 కేబీలో లినక్సా? ప్రశ్న చదివి రాయమ్మా.

మోటార్_మిత్ర: లైసెన్సు గురించి ఎవరైనా...?

పాత_కర్నెల్: ఫ్రీఆర్‌టీఓఎస్, థ్రెడ్‌ఎక్స్ ఎంఐటీ, జెఫిర్ అపాచీ 2.0. ఏదైనా అమ్మే వస్తువులో పెట్టుకోవచ్చు.

ఐఎస్ఆర్_అక్క: మిత్ర గారూ, లూప్ చిన్నదైతే టాస్కే వద్దు, ఐఎస్ఆర్‌లోనే రాసేయండి. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో మాక్స్ సిస్‌కాల్ ఇంటరప్ట్ ప్రయారిటీ అనే హద్దు కంటే ఆ ఇంటరప్ట్‌ని పైన పెడితే కర్నెల్ క్రిటికల్ సెక్షన్లు (ఇంటరప్ట్‌లు ఆపి నడిచే కోడు) దాన్ని ఆపవు. అక్కడి నుంచి మాత్రం ఆర్‌టీఓఎస్ ఏపీఐ (దాని ఫంక్షన్) ఏదీ పిలవకూడదు. ఈ కోర్‌లో అంకె చిన్నదైతే ప్రయారిటీ పెద్దదని గుర్తుంచుకోండి.

బోర్డు_బాబాయ్: ఫ్లాష్ కూడా చూసుకోండి. ఒకే బ్యాంకున్న చిప్‌లో సెట్టింగులు సేవ్ చేస్తూ సెక్టార్ చెరిపితే, ఆ ఫ్లాష్‌లోంచి నడిచే కోడంతా ఆగిపోతుంది, ఐఎస్ఆర్‌తో సహా. మోటార్ తిరుగుతుండగా అలా జరిగితే ఏ ఆర్‌టీఓఎస్ ఉన్నా ఒకటే.

మోటార్_మిత్ర: మోటార్ తిరుగుతుండగానే సేవ్ చేస్తున్నాం. వెక్టర్ టేబుల్ (ఐఎస్ఆర్‌ల చిరునామాల పట్టిక), ఐఎస్ఆర్ రెండూ ర్యామ్‌లోకి మారిస్తే సరిపోతుందా?