పెడల్ స్టీల్ గిటార్ సామానుకి విశాఖ ఉప్పుగాలి: మీరంతా ఏం చేస్తున్నారు?

లాసన్స్‌బే_స్టీల్:
అందరికీ నమస్కారం. కొత్తవాళ్ళకి చెప్తున్నా, పెడల్ స్టీల్ అంటే కాళ్ళున్న పెట్టె మీద తీగలు పరిచి, వాటిపై లోహపు బార్ జరుపుతూ, కాలితో పెడళ్ళు తొక్కి శ్రుతి మార్చే గిటార్. నా దగ్గరున్నవి: డబుల్ నెక్ (రెండు వరసల తీగలది) ఎమ్మన్స్ పుష్-పుల్, సింగిల్ నెక్ ఆల్-పుల్ (పుష్-పుల్, ఆల్-పుల్ అనేవి పెడల్ తీగని కదిపే పద్ధతుల పేర్లు), కోల్‌కతాలో కొన్న హవాయన్ గిటార్, పీవీ నాష్‌విల్ 400 ఆంప్, గుడ్‌రిచ్ వాల్యూమ్ పెడల్. బార్లూ, వేలి పిక్కులూ ఎన్నున్నాయో ఇక్కడ చెప్పను. సముద్రం మా వీధి చివరే. ఎంత తుడిచినా పుల్ రాడ్ల (పెడల్ లాగుడుని తీగ దాకా చేర్చే కడ్డీల) మీద తుప్పు చుక్కలు పడుతున్నాయి. ఛేంజర్‌కి (తీగల చివర ఉండి, కదిలే లోహపు వేళ్ళతో శ్రుతి మార్చే భాగం) ఏ నూనె వాడుతున్నారు? ఆంప్ అమెరికాది, 120 వోల్టులు. దానికి ఎలాంటి ట్రాన్స్‌ఫార్మర్ మంచిది? ఈ9 నెక్‌లో (E9 అనే శ్రుతికి కట్టిన వరసలో) మూడో తీగ తెగుతూనే ఉంది. దాని స్వరం జీ షార్ప్, ట్యూనర్ (శ్రుతి చూపే మీటరు) చూపినదానికంటే కాస్త దించే పెడతాను, అయినా తెగుతోంది. పుష్-పుల్ అమ్మేయమంటారా?

గాజువాక_లేత్:
తుప్పు సంగతి నన్నడగండి. ఆటోనగర్‌లో మా షెడ్డు. స్టెయిన్‌లెస్ అనగానే తుప్పు పట్టదనుకుంటారు. 304 రకానికి సముద్రం పక్కన గోధుమరంగు మచ్చలు వస్తాయి. 316లో మాలిబ్డినం ఉంటుంది, అది ఓర్చుకుంటుంది. ఓడల పని చేసిన చెయ్యి నాది. కొలతలు పంపండి, రాడ్లేం ఖర్మ, ఛేంజర్ మొత్తం చేసిపెడతాను.

ఎంవీపీ_సెక్టార్:
అందరూ నూనె అడుగుతారు, కేసు గురించి ఒక్కరూ అడగరు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్‌కి మా కిటికీలు పోయాయి, వాన అడ్డంగా ఇంట్లోకి కొట్టింది. గిటార్ కేసులో ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం. కరెంటొచ్చాక తెరిస్తే లోపలి మఖమల్ గుడ్డంతా బూజు. ఆ గుడ్డే తడిని పట్టి ఉంచుతుంది. వాయించగానే తుడవకుండా మూత వేశారో, తుప్పుని మీరే పెంచుతున్నట్టు. సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి, నీలం గింజలు గులాబీ రంగుకి తిరగగానే వేడి చేసి మళ్ళీ వాడండి.

కీబోర్డ్_కిట్టు:
మాస్టారూ, ఆగండాగండి. మూడో తీగ "దించి" పెడతానన్నారా? పోయినసారి ఒక రిసెప్షన్‌లో మీలాంటి స్టీల్ ఆయన పక్కన వాయించాను. పాటంతా అపశ్రుతి. జనం నన్నే చూశారు. ట్యూనర్ కొన్నది షోకేసులో పెట్టుకోడానికా?

లాసన్స్‌బే_స్టీల్:
E స్వరం తీగకి తోడుగా జీ షార్ప్ తీగని ట్యూనర్ చెప్పినట్టు పెట్టి రెండూ కలిపి మీటండి. శబ్దం అలల్లా కొట్టుకుంటుంది. జీ షార్ప్‌ని సుమారు 14 సెంట్లు (సెంటంటే అరస్వరంలో వందో వంతు) దించితే అలలు ఆగిపోతాయి. మీ కీబోర్డ్‌లో ఆ సౌకర్యం లేకపోతే నన్నంటారేం?

బొబ్బిలి_వీణ:
E షడ్జమైతే ఆ జీ షార్ప్ అంతర గాంధారం నాయనా. తంబురాలో షడ్జం తీగ మీటి నిదానంగా వినండి, గాంధారం దానంతటదే పలుకుతుంది. అదే అసలు స్థానం, కీబోర్డ్‌లోది కాస్త పైన ఉంటుంది. మా బొబ్బిలిలో పనస కర్ర వీణకి మైనంలో మెట్లు కూర్చేది చెవితోనే.

కీబోర్డ్_కిట్టు:
అమ్మా, కచేరీ వేరు, బ్యాండు వేరు. ఆ గిటార్ మీద ఎవరి పేరుందో ఆ బడ్డీ ఎమ్మన్సే తర్వాతి రోజుల్లో అన్ని తీగలూ ట్యూనర్‌కే పెట్టేవాడు. ఆయన చెవికన్నా మీ చెవులు గొప్పవా?

లాసన్స్‌బే_స్టీల్:
పేర్లు చెప్పి నోరు మూయించొద్దండీ. పెడల్ తొక్కితే పెట్టె సన్నగా వంగుతుంది, తొక్కని తీగలు కూడా కొంచెం దిగుతాయి. దాన్ని ఏ ట్యూనర్‌లో చూసి సరిచేస్తారు?

గాజువాక_లేత్:
పెట్టె వంగిందంటే కట్టినవాడి పనితనమే అది. నాకిస్తే...

కీబోర్డ్_కిట్టు:
వాయించేది చెక్కపెట్టె, మాటలు గంధర్వగానం!

బొబ్బిలి_వీణ:
కాస్త మర్యాదగా మాట్లాడు బాబూ. వయసులో పెద్దవాళ్ళున్నారిక్కడ.

వాల్తేర్_రైల్వే:
హవాయన్ గిటార్ ఊసు ఒక్కరైనా ఎత్తారా? 1940లలో తావు మో కుటుంబం కోల్‌కతాలో ఉండి ఆ వాయిద్యం నేర్పింది. బ్రిజ్ భూషణ్ కాబ్రా దాని మీద హిందుస్తానీ రాగాలు పలికించారు. విశ్వమోహన్ భట్ దాన్ని మార్చి మోహనవీణ చేసుకుని 1994లో గ్రామీ అందుకున్నారు. మా నాన్నగారు ఖరగ్‌పూర్ బదిలీలో ఉండగా నేర్చుకున్నారు, వాల్తేరు క్వార్టర్స్‌లో సాయంత్రాలు వాయించేవారు. దానికి పెడళ్ళూ వద్దు, ట్రాన్స్‌ఫార్మరూ వద్దు. అమ్మితే ఆ డబుల్ నెక్కే అమ్మండి. కేసుతో 30 కిలోలు మెట్లెక్కించడం ఎవరివల్ల అవుతుంది?

డాబాగార్డెన్స్_సౌండ్:
ట్రాన్స్‌ఫార్మర్ అడిగినవాళ్ళకి. ఛార్జర్లకి అమ్మే చిన్న కన్వర్టర్ల జోలికి పోకండి. ఆంప్ వెనక రాసిన వాట్లు చూసి, దానికి రెట్టింపు మోసే స్టెప్‌డౌన్ తీసుకోండి. ఆంప్ వైరుకి "120 వోల్టులు" అని తెలుగులో పెద్దక్షరాలతో చీటీ కట్టండి. ఒక ఫంక్షన్‌లో డెకరేషన్ కుర్రాడు మా ఆంప్‌ని తిన్నగా గోడ ప్లగ్గులో పెట్టాడు. పొగ చూసి పెళ్లివాళ్ళు హోమం అనుకున్నారు. నయాపైసా ఇవ్వలేదు.

కొత్తగా_చేరా:
తుప్పుకి డబ్ల్యూడీ-40 కొడితే పోదా అన్నా?

ఎంవీపీ_సెక్టార్:
ఛేంజర్ మీద చచ్చినా కొట్టొద్దు! కొన్నాళ్ళకి జిగురై దుమ్ము పట్టుకుంటుంది. ముందు లైటర్లో పోసే ద్రవంతో కడిగి, ఆరాక కుట్టుమిషన్ నూనె సూది మొనతో ఒక్కో చుక్క. అంతే.

గాజువాక_లేత్:
ఇంతకీ ఆ మూడో తీగ ఎక్కడ తెగుతోందండీ? తలవైపా, ఛేంజర్ వైపా? ఛేంజర్ వైపైతే తీగ తప్పు కాదు. బి పెడల్ తొక్కిన ప్రతిసారీ జీ షార్ప్ A స్వరానికి లేస్తుంది, తీగ ఒకేచోట వంగి లేస్తుంటుంది. అక్కడ గాడి పడుంటే 11 గేజ్ సన్నపాటి తీగ ఆగదు. ఆ తీగ ఛేంజర్ వేలు విప్పి నున్నగా పాలిష్ చేయించాలి. ట్యూనరా, చెవా అన్నది దానికి అనవసరం.

లాసన్స్‌బే_స్టీల్:
ఛేంజర్ వైపే. భూతద్దం పెట్టి చూశా, వేలి మీద గీత కనిపిస్తోంది. ఆదివారం షెడ్డు తెరిచి ఉంటుందా?

గాజువాక_లేత్:
ఉంటుంది. ఒక్క వేలే తేవద్దు, మొత్తం తెండి.

కొత్తగా_చేరా:
పుష్-పుల్ లాస్ట్ రేటు ఎంతన్నా?

లాసన్స్‌బే_స్టీల్:
అమ్మడం లేదు.

కీబోర్డ్_కిట్టు:
మరి పైన ఎందుకడిగినట్టో!