మ్యూజియం ఉద్యోగులకు మౌఖిక చరిత్ర శిక్షణ: రెండు రోజులు చాలా?

రాతిగుర్తు: పురావస్తు, మ్యూజియం ఉద్యోగులకు పెద్దవాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేయడం నేర్పాలని మాలో కొందరి ఆలోచన. శ్రీశైలం ముంపు ఊళ్ళతో మొదలుపెడదామని. 1981లో ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు 30 ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటాయి. రెండు రోజుల వర్క్‌షాప్ చాలా?

శబ్దగ్రాహి: చాలదు. మైకుకే ఒక రోజు కావాలి. ఫోన్లో ఎంపీ3 తీసి భద్రపరిచాం అంటే నేనొప్పుకోను. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలే ఉండాలి, అంటే ఎంపీ3లా శబ్దాన్ని కుదించని ఫైలు.

గోళీసోడా: ముందు ఫ్యాన్ ఆపమని నేర్పండి చాలు.

ముంపూరోడు: కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్ళీ కట్టారు. మా ఇల్లు మాత్రం కూలగొట్టారు. ఇప్పుడు గుర్తొచ్చామా?

రాతిగుర్తు: చాళుక్యుల నాటి గుడిని కాపాడటం తప్పంటారా?

ముంపూరోడు: ఆ మాట నేనెక్కడన్నాను?

శబ్దగ్రాహి: గుడి సంగతి తర్వాత. వేవ్ గురించి ఎవరూ మాట్లాడరే?

ముంపూరోడు: మీ వేవ్ మీ దగ్గరే పెట్టుకోండి సార్. మూడేళ్ళ కిందట మెడలో కార్డులేసుకుని ఇద్దరు వచ్చారు. మా అవ్వ రెండు గంటలు చెప్పింది. ఎందుకో తెలుసా? 98 జీవో వాళ్ళనుకుంది. తెలియనివాళ్ళకు చెబుతున్నా, ముంపు కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇస్తామని 1986లో వచ్చిన జీవో అది. లేచి వెళ్తుంటే "మా మనవనికి కొలువెప్పుడొస్తది సారూ" అని అడిగింది. "పైకి చెప్తాం" అని ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర తీసుకుని పోయారు. అవ్వ పోయింది. ఆమె గొంతు మా దగ్గర ఒక్క నిమిషం కూడా లేదు.

రాతిగుర్తు: అలా చేయడం తప్పే. కానీ ఉద్యోగం రాదని ముందే చెబితే ఎంతమంది నోరు విప్పుతారు? ఈ తరం పోతే ఇక చెప్పేవాళ్ళుండరు.

ముంపూరోడు: విప్పకపోతే విప్పరు! చెప్పాలో వద్దో వాళ్ళిష్టం. మీ చరిత్ర కోసం మా వాళ్ళకు ఆశ పెడతారా?

పల్లెపాఠం: నేను ఈ పని నేర్పుతుంటాను. మొదటిసారి రికార్డర్ లేకుండా వెళ్ళమంటాను. ఎవరు పంపారో, దీనివల్ల ఏమీ రాదని కూడా, వాళ్ళ యాసలోనే చెప్పాలి. ఫలానా ముక్క తీసేయమంటే తీసేయాలి. కాపీ ఇంటికి చేర్చాలి. అవును, ఇలా చేస్తే సగం మంది మాట్లాడరు. మిగతా సగంతోనే పని. దీనికి రెండు రోజులు ఏ మూలకి?

శబ్దగ్రాహి: ఇంటికిచ్చే కాపీ ఎంపీ3 అయినా పర్వాలేదు. అంతవరకే ఒప్పుకుంటా.

ముంపూరోడు: మా అవ్వ ఫైలు ఎక్కడుందో ఎలా వెతకాలి? ఎవరికైనా తెలుసా?

రాతిగుర్తు: ఊరు, నెల నాకు మెసేజ్ పెట్టండి. అడిగి చూస్తాను. దొరుకుతుందని మాత్రం మాటివ్వలేను.