డీజిల్ జనరేటర్ ఒక్కసారీ ఫెయిల్ కాలేదు, పీఎస్ఏలో (అణు ప్లాంటు ప్రమాద సంభావ్యతల లెక్కలో) ఏ సంఖ్య వేయాలి?

ఫాల్ట్‌ట్రీ:
ఒకే రకం ఎమర్జెన్సీ డీజిల్ జనరేటర్లు రెండు. స్టార్ట్ టెస్టులు రెండింటివీ కలిపి 120, ఫెయిల్యూర్లు 0. సున్నా వేయలేం కాబట్టి జెఫ్రీస్ ప్రయర్‌తో (డేటాకు ముందు పెట్టుకునే తటస్థ అంచనా; ఫెయిల్యూర్లకు 0.5, టెస్టులకు 1 కలుపుతుంది) 0.5/121, అంటే 4.1×10⁻³ తీసుకున్నాను. రెండూ స్టార్ట్ కాకపోవడానికి దాని వర్గం 1.7×10⁻⁵. మాంటె కార్లో (యాదృచ్ఛిక శాంపిళ్లతో వేసే లెక్క) సగటు మాత్రం 5.1×10⁻⁵. శాంపిళ్లు ఎంత పెంచినా దిగడం లేదు. ఏది తప్పు?

కట్‌సెట్:
మాంటె కార్లోదే ఒప్పు. రెండు యంత్రాలకూ డేటా ఒకటే, అసలు విలువ ఎక్కువైతే రెండింటికీ ఎక్కువే. అందుకే సగటును వర్గం చేయడం వేరు, వర్గానికి సగటు తీయడం వేరు: (0.5×1.5)/(121×122). చేత్తో వేసినా 5.1×10⁻⁵ వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో రెండు బేసిక్ ఈవెంట్లకూ (ఒక్కో జనరేటర్ స్టార్ట్ కాకపోవడానికి) ఒకే పారామీటర్ పేరు ఇచ్చి ఉంటారు. వేర్వేరు పేర్లు ఇస్తే విడివిడిగా శాంపిల్ చేసి 1.7కే దిగుతుంది, అది చూసి మురిసిపోకండి.

ఇంకో గొయ్యి. జెఫ్రీస్‌తో మీకు వచ్చేది బీటా డిస్ట్రిబ్యూషన్. దానికి 5, 95 శాతం విలువలు సుమారు 1.6×10⁻⁵, 1.6×10⁻². వీటినుంచి ఎర్రర్ ఫ్యాక్టర్ (ఆ రెండింటి నిష్పత్తికి వర్గమూలం, 31 దాకా) తీసి లాగ్‌నార్మల్ డిస్ట్రిబ్యూషన్ పెడితే ఆ 1.7కీ 5.1కీ ఉన్న 3 రెట్ల తేడా కాస్తా 79 రెట్లవుతుంది. తోక పెరిగినందువల్లే అదంతా.

బ్లాకౌట్:
అసలు కామన్ కాజ్ (ఒకే కారణంతో రెండూ చెడిపోవడం) ఏదండీ? బీటా ఫ్యాక్టర్ (ఫెయిల్యూర్లలో రెండింటినీ కలిపి పడగొట్టే వాటా; పై బీటాతో సంబంధం లేదు) 0.05 అనుకున్నా 2.1×10⁻⁴. మీ రెండు సంఖ్యలూ దాని ముందు దిగదుడుపే. 0.01కి 4.1×10⁻⁵, 0.1కి 4.1×10⁻⁴. ఈ రెండు చివర్లూ రన్ చేసి చూపండి. ఒక్క ప్లాంటు డేటాతో బీటా తేలదు. జెనెరిక్ విలువ (చాలా ప్లాంట్ల డేటా కలిపి తీసినది) తీసుకుని మీ దగ్గర ఇంధనం, బ్యాటరీ, మెయింటెనెన్స్ రోజు రెండింటికీ ఒకటేనా అని చూడండి.

120లో లోడ్‌తో నడిపినవెన్ని?

కేబుల్‌ట్రే:
డిస్ట్రిబ్యూషన్ ఎంత వెడల్పు చేసినా ఫాల్ట్ ట్రీలో (ఏవి చెడితే ప్రమాదమో చూపే చెట్టు బొమ్మలో) లేని గేటు, అంటే గీయని వైఫల్య మార్గం, అందులో కనబడదు. ఉత్తరప్రదేశ్‌లోని నరోరా అణు విద్యుత్ కేంద్రంలో 1993 మార్చి 31న టర్బైన్ బ్లేడ్లు విరిగి, మంట కేబుళ్లకు పాకి సుమారు 17 గంటలు బ్లాకౌట్. ఫుకుషిమా దాయిచీలో 2, 4 యూనిట్ల ఎయిర్ కూల్డ్ డీజిళ్లు మునగలేదు, కరెంటు పంచే స్విచ్‌గేర్ మునిగింది. రెండు ట్రెయిన్ల (ఒకదానికొకటి బదులుగా ఉండే వ్యవస్థల) కేబుళ్లు ఏ గదుల్లోంచి పోతున్నాయో, స్విచ్‌గేర్ ఏ ఎత్తులో ఉందో ముందు డ్రాయింగ్ మీద గుర్తించండి.

ఫాల్ట్‌ట్రీ:
లోడ్‌తో నడిపినవి 24, ఒక్కోటి గంట. రన్ ఫెయిల్యూర్‌కి (స్టార్ట్ అయ్యాక నడుస్తూ ఆగిపోవడానికి) 0.5/24 రేటును 24 గంటల మిషన్ టైమ్‌తో (అది నడవాల్సిన సమయంతో) గుణిస్తే 0.5 వస్తోంది!

కట్‌సెట్:
అక్కడ జెఫ్రీస్ పనికిరాదు. జెనెరిక్ రేటుకు గామా ప్రయర్ (ఫెయిల్యూర్ రేటుకు వాడే ముందస్తు డిస్ట్రిబ్యూషన్) పెట్టి మీ 24 గంటలు, 0 ఫెయిల్యూర్లతో అప్‌డేట్ చేయండి. ఫలితం దాదాపు ప్రయర్ దగ్గరే ఉంటుంది. రిపోర్టులో ఆ మాట దాచకుండా రాయండి.