డీడీటీ ‘రోదినా’ పాటలో ఒక మాట: రష్యన్ తెలిసినవాళ్ళు సాయం చేయండి

అందరికీ నమస్కారం. రష్యన్ బాగా వచ్చినవాళ్ళ సాయం కావాలి. ముఖ్యంగా రష్యాలోని ఉఫా నగరంలో మెడిసిన్ చదివిన మన పిల్లలు ఎవరైనా ఉంటే చెప్పండి. డీడీటీ అనే రాక్ బ్యాండ్ 1980లో ఆ ఊళ్ళోనే పుట్టింది. పాటలు రాసి పాడేది యూరీ షెవ్‌చుక్. 1984లో ‘పెరిఫెరియా’ ఆల్బమ్ చేశాక సోవియట్ గూఢచార సంస్థ కేజీబీ వెంటపడింది. తర్వాత ఆయన లెనిన్‌గ్రాడ్‌కి మారిపోయారు. 2022లో మళ్ళీ ఉఫా స్టేజీ మీదే ఉక్రెయిన్ యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడితే కోర్టు 50,000 రూబుళ్ళ జరిమానా వేసింది. ఇన్నేళ్ళయినా గొంతు తగ్గించలేదు, అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.

అసలు సంగతికి వస్తాను. ‘రోదినా’ పాటని తెలుగులో రాసుకుంటూ పల్లవి దగ్గర ఆగిపోయాను. రోదినా అంటే మాతృభూమి. దానికి ముందు ఒక్క ‘ఉ’ చేరగానే ఉరోదినా, అంటే అనాకారి. ఎవరెలా తిట్టినా ఆమె మాకిష్టమే అని భావం. బొంగురు గొంతుతో ఆయన ఆ రెండు మాటలూ పక్కపక్కన పాడుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. నాకేమో ‘అమ్మ’కి అలాంటి ప్రాస దొరకట్లేదు.

ఇంతకీ రష్యన్లకి ఉరోదినా అనేది ఎంత ఘాటైన తిట్టు? ఇంట్లోవాళ్ళని ముద్దుగా కూడా అంటారా? ‘కురూపి’ మరీ పుస్తకాల మాటలా ఉంది. ‘అనాకారి’ సరిపోతుందా, ఇంకేదైనా తడితే చెప్పండి.