అత్తయ్య మొక్కు, మా బాబు జుట్టు: గుణదలలో తలనీలాలు ఇవ్వడం సరైనదేనా?

ఒంగోలు_ఆడపిల్ల

అందరికీ వందనాలు. మా పుట్టింటివాళ్ళు బాప్టిస్టులు. పెళ్ళప్పుడు నేను ఆర్.సి.యం.లో, అంటే రోమన్ కతోలిక సభలో చేరాను. ఇష్టపడే చేరాను, ఎవరూ బలవంతం చేయలేదు. జపమాల అలవాటైంది. తాళాలు పోతే పునీత అంతోనివారిని అడగడమూ అలవాటైంది. ఇప్పుడు ఒక్కటి మాత్రం గొంతు దిగడం లేదు.

బాబుకి ఏడో నెలలో న్యుమోనియా వచ్చి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. అప్పుడు అత్తయ్య విజయవాడలోని గుణదల మరియమాతకు మొక్కుకున్నారట, బిడ్డ క్షేమంగా ఇంటికొస్తే కొండ దగ్గర పుట్టువెంట్రుకలు తీయిస్తానని. ఫిబ్రవరి పండక్కి బయల్దేరదాం అంటున్నారు. మా ఆయన "అమ్మ మాట ఎలా కాదంటాను" అని ఫోన్లోకి తల దించేస్తాడు. మా అమ్మేమో "మరి తిరుపతికీ మీకూ తేడా ఏంటే?" అంది. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇది మన విశ్వాసంలో ఉన్నదా, ఊళ్ళో నుంచి వెంట తెచ్చుకున్నదా?

తెనాలి_మాస్టారు

అమ్మాయ్, బాబు కోలుకున్నాడు, ముందు దానికి సంతోషం.

నా పుట్టువెంట్రుకలు అక్కడే తీశారు, నా పిల్లలవీ అక్కడే. 1924లో ఆర్లాటి అనే ఇటలీ ఫాదర్ గారు ఆ కొండ మీద లూర్దు మాత (ఫ్రాన్సులోని లూర్దు ఊళ్ళో కనబడిన మరియమాత) స్వరూపం నిలబెట్టారు. అప్పటి నుంచి జనం వస్తూనే ఉన్నారు. 9, 10, 11 తేదీల్లో ఒకసారి వచ్చి చూడు. గుండుకు గంధం పూసుకుని మెట్లెక్కేవాళ్ళలో ఎవరు కతోలికులో, ఎవరు లూథరన్లో, ఎవరు హిందువులో నువ్వు చెప్పలేవు.

మీ అమ్మగారికి నేనైతే ఇలా చెబుతాను. కొవ్వొత్తి కిరాణా కొట్లో కొన్నదే. కరెంటు పోతే వంటింట్లో వెలిగిస్తాం, ఆదివారం పీఠం మీద వెలిగిస్తాం. వెలిగించింది ఎవరి ముందు అన్నదే లెక్క.

వాక్యమే_దీపం

సహోదరీ, నేనూ పాతికేళ్ళు ఆర్.సి.యం.లో ఉండి బయటికొచ్చినవాణ్ణే. ద్వితీయోపదేశకాండము 14:1 తీయండి. తల బోడి చేసుకోవద్దని దేవుడు తన ప్రజలకు స్పష్టంగా చెప్పాడు. కొండెక్కి బొమ్మకు జుట్టిస్తే దాన్ని విగ్రహారాధన అనక ఏమనాలి? బిడ్డను బతికించింది యేసయ్య, మెప్పు ఇంకొకరికి ఎందుకు? మీ అమ్మగారు సరైన ప్రశ్నే అడిగారు.

సెమినరీ_సగంలో_మానేశా

బ్రదర్, ఆ వచనం పూర్తిగా చదవండి. చచ్చినవారి కోసం ఒళ్ళు కోసుకోవద్దు, బోడి చేసుకోవద్దు అని ఉంది. అది చావు ఏడుపుల గురించి చెప్పిన మాట. మొక్కు జుట్టు సంగతి సంఖ్యాకాండము ఆరో అధ్యాయంలో ఉంది. నాజీరు వ్రతం, అంటే కొంతకాలం జుట్టు తీయకుండా దేవుడికి ప్రత్యేకంగా ఉంటానన్న మొక్కు, ముగిశాక గుడారం వాకిట తల గొరిగించుకుని ఆ జుట్టును బలి కింద మండే నిప్పులో వేయాలి. అపొస్తలుల కార్యములు 18:18లో పౌలు మొక్కు ఉందని కెంక్రేయలో జుట్టు కత్తిరించుకున్నాడు. అప్పటికి ఆయన క్రైస్తవుడే కదా!

బొమ్మ సంగతి 787లోనే, బిషప్పులందరూ కూడిన రెండో నిసేయ మహాసభలో తేలింది. ఆరాధన దేవుడికి మాత్రమే. స్వరూపానికి చేసే వందనం ఆ స్వరూపం ఎవరిదో వాళ్ళకు చెందుతుంది.

ఇక "ఊళ్ళో నుంచి తెచ్చుకున్నదా" అన్నారు. 1212 మట్టల ఆదివారం రాత్రి పునీత క్లారమ్మ సన్యాసం కోసం ఇల్లొదిలి వస్తే ఆమె జుట్టు కత్తిరించింది పునీత ఫ్రాన్సిస్‌వారే. బైజంటైన్ రీతి (తూర్పు దేశాల ఆరాధన పద్ధతి) కతోలికుల్లో జ్ఞానస్నానమప్పుడే పసివాళ్ళ జుట్టు సిలువ గుర్తుగా కాస్త కత్తిరిస్తారు. మన ఫాదర్లకూ 1972లో ఆరవ పౌలు పోపుగారు తీసేసేదాకా నడినెత్తిన జుట్టు తీసే ఆచారం ఉండేది.

వరంగల్_జోజి

అన్నా, నువ్ చెప్పిన క్లారమ్మ తనంతట తనే జుట్టిచ్చింది. జీవితం మొత్తం ఇచ్చినంక జుట్టు గూడ ఇచ్చింది. గీడ జరిగేది గది కాదు. "నువ్ బిడ్డను బాగుచెయ్, నేన్ జుట్టిస్త" అంటే బేరం. నేను గూడ కతోలికున్నే, కాజీపేట ఫాతిమా గుడి నీడల పెరిగినోన్నే, చెప్తున్న.

లూర్దుల 1858ల బెర్నదెత్త అనే పిల్లకు మాత 18 సార్లు కనవడ్డది. ఏం అడిగింది? పాపుల కోసం ప్రార్థించుమన్నది, ప్రాయశ్చిత్తం చెయ్యుమన్నది, ఊట నీళ్ళు తాగి మొకం కడుక్కోమన్నది, గుడి కట్టుమని, ఊరేగింపుగ రమ్మని ఫాదర్లకు చెప్పుమన్నది. జుట్టు ఎక్కడన్న అడిగిందా? కొబ్బరికాయ అడిగిందా?

తెనాలి_మాస్టారు

జోజీ, లూర్దులో కొబ్బరికాయలు దొరికితే కదయ్యా అడగడానికి.

బేరం అన్నావు, ఆ మాట నాకు కష్టంగానే ఉంది. పిల్లాడికి ఆక్సిజన్ పెట్టి ఉన్నప్పుడు ఆసుపత్రి వరండాలో కూచున్న ముసలావిడ బేరాలాడదు నాయనా. తన దగ్గరేముందో వెతుక్కుంటుంది. ఎకరాలు లేవు, బంగారం లేదు. ఉన్నది జుట్టు.

వరంగల్_జోజి

మాస్టారూ, జుట్టు ఆమెది కాదు గద. పోరనిది.

సెమినరీ_సగంలో_మానేశా

జుట్టు పంచాయితీ రోముదాకా పోవడం కొత్తేం కాదు లెండి. 1606లో తమిళనాట మధుర (మదురై) వెళ్ళిన నొబిలి అనే ఏసుసభ (జెసూట్) ఫాదరు, క్రైస్తవులైన బ్రాహ్మలు పిలక, జంధ్యం, గంధం ఉంచుకోవచ్చన్నాడు. తోటి ఫాదర్లే ఆయన మీద ఫిర్యాదు చేశారు. చివరికి 1623లో పోపు 15వ గ్రెగోరీ, మూఢనమ్మకం కలపకుండా ఉంచుకోవచ్చని తీర్పిచ్చాడు. పిలక ఉంచితే గొడవ, గుండు చేయిస్తే గొడవ!

మన దేశంలో పూజలో (గుళ్ళో ఫాదర్ చేసే దివ్యబలిపూజలో) హారతి, నేలమీద కూర్చోవడం లాంటి 12 అంశాలకు రోము అనుమతి వచ్చింది 1969లో. తలనీలాలు ఆ జాబితాలో లేవు, ఉండాల్సిన పనీ లేదు. అది పూజలో భాగం కాదు, జనం భక్తి.

పల్లె_ఉపదేశి

ఇరవై రెండేళ్ళుగా ఉపదేశి పని (సభవాళ్ళకు జ్ఞానోపదేశం చెప్పే పని) చేస్తున్నాను. ఇంతసేపూ గుండు మంచిదా చెడ్డదా అనే మాట్లాడారు. జోజి బాబు అన్న ఒక్క ముక్క మీద ఎవరూ నిలబడలేదు. జుట్టు పోరనిది.

కతోలిక సభ 1983 ధర్మశాస్త్రంలో (కానన్ లా) మొక్కుల మీద విడిగా ఒక అధ్యాయమే ఉంది. 1191వ సూత్రం: మొక్కు అంటే దేవునికి, తెలిసి, స్వేచ్ఛగా చేసే వాగ్దానం. దేవునికి అని గమనించండి. "మాతకు మొక్కాను" అని అందరం వాడుకగా అంటాం. నిజానికి మాట ఇచ్చేది దేవుడికి, మాత మనవైపు నిలబడి అడుగుతుంది. ఒంగోలులో మీ అమ్మగారికి ఇది చెబితే సగం అభ్యంతరం తగ్గవచ్చు.

1193: మొక్కు దాని స్వభావాన్ని బట్టి మొక్కినవాళ్ళనే కట్టేస్తుంది. అంటే మీ అత్తగారి మొక్కు బాబు మీద లేదు, మీ మీదా లేదు. ఇవ్వకపోతే బిడ్డకి మళ్ళీ జబ్బు చేస్తుందని ఎవరైనా బెదిరిస్తే, మాస్టారు నన్ను తిట్టుకున్నా సరే, అదే మూఢనమ్మకం. గుండు కాదు.

1197: మొక్కినవాళ్ళు దాన్ని అంతకంటే మేలైనదిగా, లేదా సమానమైనదిగా స్వయంగా మార్చుకోవచ్చు. తక్కువ దానికి మార్చుకోవాలన్నా, అసలే వద్దనుకున్నా మీ విచారణ గురువుల (మీ గుడి ఫాదర్ గారి) దగ్గరికి వెళ్ళండి. సరైన కారణం ఉంటే సడలించే అధికారం 1196 ప్రకారం ఆయనకుంది. చాలామందికి ఇది తెలియక ముప్పై ఏళ్ళ కిందటి మొక్కు గుండెల్లో పెట్టుకుని తిరుగుతుంటారు. పోయినేడు ఒక పెద్దాయన వచ్చాడు, కాలు విరిగి కొండ ఎక్కలేక. ఫాదర్ గారు రెండు నిమిషాల్లో తేల్చేశారు. ఆయన గేటు దాటేదాకా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు.

వాక్యమే_దీపం

సూత్రాలు మీవి, వాక్యం దేవునిది. అయినా అడుగుతున్నా. బైబిల్లో సమూయేలు తల్లి హన్నా కడుపున పడని బిడ్డ తరఫున మొక్కుకుంది, వాడి తల మీదికి మంగలికత్తి రానివ్వనని. అది సమూయేలును కట్టేయలేదా?

పల్లె_ఉపదేశి

మంచి ప్రశ్న, తమ్ముడూ. హన్నా తల్లి. ఆమె మొక్కింది జుట్టు మాత్రమే కాదు, తన కొడుకును తాను వదులుకోవడం. మోయాల్సింది ఆమె, మోసింది కూడా. ఇక్కడ తల్లిని ఎవరూ అడగలేదు. బైబిల్లోనే ఇంటి గడపలోంచి మొదట వచ్చినదాన్ని బలి ఇస్తానని యెఫ్తా మొక్కితే వచ్చింది కన్నకూతురు. ఒకరు మొక్కితే ఇంకొకరి మెడకి చుట్టుకోవడమంటే అదే.

తెనాలి_మాస్టారు

పుట్టువెంట్రుకలకి యెఫ్తా దాకా వెళ్ళారు. నెల తిరిగేసరికి మళ్ళీ మొలుస్తాయండీ.

ఒంగోలు_ఆడపిల్ల

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఉపదేశి గారు రాసింది అత్తయ్యకి చదివి వినిపించాను. వాదనకి దిగుతారనుకున్నా. ఒక్క నిమిషం ఆగి, "అయితే మొక్కు నా మీదే ఉందన్నమాట. బాబుది వద్దు, నా తలే ఇస్తాను" అన్నారు. ఆవిడకి 61. మామయ్య ఉన్నారు. నడుం కిందికి జడ, వారానికోసారి కుంకుడుకాయతో అంటుకుంటారు. నాకు నోట మాట రాలేదు. గెలిచానో ఓడానో తెలియడం లేదు. మామయ్య మాత్రం పేపరు మడిచి బయటికెళ్ళిపోయారు.

వరంగల్_జోజి

అక్కా, నా మాట వాపస్ తీసుకుంటున్న. గది బేరం కాదు.

తెనాలి_మాస్టారు

గుండే చేయించుకోవాలని లేదమ్మా. తిరుపతిలోలాగే ఆడవాళ్ళు మూడు కత్తెర్లు కూడా ఇస్తారు. ఆవిడకు ఆ మాట చెప్పు.

పల్లె_ఉపదేశి

మూడు కత్తెర్లు సమానమా, తక్కువా అన్నది ఆమె మనసుకే తెలియాలి. అనుమానముంటే ఫాదర్ గారిని అడగమనండి. పండగ మూడు రోజులూ కాకుండా మామూలు రోజున వెళ్ళండి, తొక్కిసలాటలో చంటిబిడ్డతో కష్టం. బ్లేడు కొత్తదా కాదా అని దగ్గరుండి చూసుకోండి.

ఒంగోలు_ఆడపిల్ల

మార్చిలో వెళ్తున్నాం. మూడు కత్తెర్ల సంగతి చెప్పాను, "చూద్దాంలే" అన్నారు. మా అమ్మ కూడా వస్తానంది. కొండెక్కను, కింద కూచుంటానంది.