మెదక్ చర్చి: కరువులో పెట్టిన బువ్వ దానమా, కూలా?

దెగ్లూర్‌వాసి:
మెదక్ కేథడ్రల్ మీద ఏ వ్యాసం తెరిచినా ఇదే కథ. కరువులో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దొర జనానికి చర్చి కట్టే పని చూపించి, అన్నం పెట్టి ప్రాణాలు నిలిపాడట, ఆ దయకు గుర్తు ఈ చర్చి అట. పని 1914లో మొదలైంది, ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. అన్నేళ్లు రాళ్లు మోసినవాళ్లకు పెట్టిన తిండి దానం ఎట్లయితది? పని చేయించుకొని ఇచ్చేది కూలి. కాదనేటోళ్లు చెప్పండి.

ధర్మాబాద్ పంతులు:
నేను కాదంటాను. గంజి కేంద్రం పెట్టి చేతులు దులుపుకొంటే ఆయన్ని అడిగేవాళ్లు లేరు. పని చూపించి, తినేవాడి తల ఎత్తుకునేలా చేశాడు. ఒక్కసారి లోపలికి వెళ్లి చూడండి: 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, 175 అడుగుల గోపురం, 5,000 మంది పట్టే చోటు. బలిపీఠం వెనక క్రీస్తు ఆరోహణం, ఒక పక్క జననం, మరో పక్క సిలువ. ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసిన ఆ మూడు రంగుటద్దాల కిటికీలు బయటి ఎండతోనే వెలుగుతాయి. పొద్దుగూకితే లోపలివాళ్లకు బొమ్మ కనబడదు. ఇంత శ్రద్ధతో కట్టించినవాడిని కూలీల దోపిడీదారు అంటే మనసు ఒప్పదు.

బల్లార్షా:
దోపిడీ అని ఎవరూ అనలేదు సార్. ఇంకోటి, ఆ చర్చిని ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండ్ అధికారిక చర్చి వాళ్లు కట్టారని కొందరు అనుకుంటారు, కాదు. పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు, అది వేరే ప్రొటెస్టంట్ సంఘం. 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ఇంకొన్ని సంఘాలు కలిసి సీఎస్‌ఐ (దక్షిణ భారత చర్చి) అయ్యాకే అది ఆంగ్లికన్ కుటుంబంలోకి వచ్చింది.

సిరొంచ:
నా బాధ వేరు. ఆకలితో ఉన్నోళ్ల చేత చెరువు తవ్విస్తే వాళ్ల పిల్లలకు నీళ్లన్నా దక్కేవి. అదే మెదక్ పక్కన నిజాం సర్కారు ఆలేరు వాగుకు కట్ట వేసి 1922 కల్లా పోచారం చెరువు పూర్తి చేసింది. చర్చి నేలకు ఆరు రంగుల పలకలు ఇంగ్లండ్ నుంచి వచ్చాయి, పరిచిన మేస్త్రీలు ఇటలీ వాళ్లు. కరువు కాలంలో ఆ డబ్బు అటు ఎందుకు పోవాలె?

బిలోలి తాత:
బిడ్డా, నీ ప్రశ్న మంచిదే, కానీ కరువు పని చేసినోళ్ల వైపు నుంచి ఒక మాట విను. 1972 దుష్కాలంల మా మరాఠ్వాడా అంతా రోడ్డు పనుల మీదనే ఉన్నది. మా అమ్మ ఖడీ (కంకర) కొట్టింది, నేను తట్టలు మోసిన. బయటి దేశం నుంచి వచ్చిన ఎర్ర మిలో జొన్నలు, కరువు పనుల కాడ పెట్టే సుకడీ తిని బతికినం. ఆ రోడ్డు ఏ ఊరికి పోతదని మేము అడగలే. పొద్దంత పని చేసినం కాబట్టి సాయంత్రం చెయ్యి చాపుతుంటే సిగ్గు అనిపించలే. అందుకే అది భిక్షం అంటే నాకు కోపం వస్తది. తర్వాత సర్కారుకు కూడా ఆ సంగతి ఎక్కింది. రోజ్‌గార్ హమీ (ఉపాధి హామీ) మా మహారాష్ట్రల 1977ల చట్టమైంది, పని అడిగేది మా హక్కు అయింది. మెదక్‌ల రాయి మోసినోళ్లకు చట్టం లేదు, హక్కు లేదు. కానీ చెమట అదే. పంతులూ, పాస్నెట్ మంచోడే, కాదనను. మంచి యజమాని ఇచ్చినా కూలి కూలే కద.

ధర్మాబాద్ పంతులు:
తాతా, మీ మాటకు ఎదురు చెప్పను. అయినా ఆ రోజుల్లో పని చూపించేవాడే దొరకని చోట చూపించినవాడి రుణం కూడా ఉంటుంది. ఆ ఒక్కటి వదులుకోలేను.

దెగ్లూర్‌వాసి:
రుణం ఉండనీ సార్, కానీ రెండు వైపులా ఉండాలె. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ ఆంగ్లికన్ కేథడ్రల్ ఉంది. పొడవు 189 మీటర్లు. దాని నమూనా పోటీలో గెలిచిన ఆర్కిటెక్ట్ గైల్స్ గిల్బర్ట్ స్కాట్‌కు అప్పటికి 22 ఏళ్లు. 1904లో పునాది రాయి వేసి, మెదక్ లాగే 1924లోనే ప్రతిష్ఠ చేశారు, కానీ కట్టడం 1978 దాకా సాగింది. అక్కడ రాయి చెక్కినవాళ్లను దానం తిన్నోళ్లని ఎవరన్నా అంటారా? ఇంగ్లండ్‌లో కడితే పనిమంతులు, మన దగ్గర కడితే దయ పొందినోళ్లు. ఈ తేడాకే నా అభ్యంతరం. ఇటాలియన్ మేస్త్రీల సంగతి రాసే వ్యాసాలు తట్ట మోసిన ఊళ్ల పేర్లు కూడా రాయాలె. ఈ క్రిస్మస్‌కు మెదక్ పోయేవాళ్లు అక్కడి ముసలోళ్లను అడగండి, ఎవరి తాతలు ఏ ఊరి నుంచి వచ్చి పని చేశారో. ఇక్కడే రాసి పెడదాం.